చాలిఛి

కలెక్టరాఫీసు పై అంతస్తులో
పాణిగ్రాహి బాబు తల ఎత్తకుండానే అంటాడు:
"ఫైల్ చాలిఛి."

పదకొండు నెలలుగా అదే మాట.
నడుస్తోంది అని దాని అర్థం.
పర్లాకిమిడిలో పుట్టినదాన్ని, ఆ మాత్రం ఒడియా నాకూ వచ్చు.
చెవి మాత్రం తెలుగుది.
చాలించి, అని వింటుంది ప్రతిసారీ.
నేను మెట్లు దిగేలోగా
ముందు 'కాలం' అని తనే చేర్చుకుంటుంది.

గురువులు కాలం చాలించింది బాగన్ దాతోలో,
ఆయిల్ పామ్ గెలల లారీ వెనక్కి వచ్చి.
నాలుగు తరాల కిందట టెక్కలి వైపు నుంచి
ఓడెక్కిన వాళ్ల మునిమనవడు.
పెళ్లినాడు నా మాట విని నవ్వాడు,
మా తాత యాస నీ దగ్గరుండిపోయిందే, అని.

నీలవేణి అక్కడ పుట్టింది.
ఎర్ర పాస్‌పోర్టు అట్ట మీద రెండు పులులు.
ఒకదానికి బాల్‌పెన్నుతో మీసాలు పెట్టింది.
గోరుతో గీకాను. ఒక మీసం పోలేదు.
ఆ మీసం తలుచుకుని రాత్రిళ్లు లేచి కూర్చుంటాను.

ఆడపడుచు చిట్టెమ్మ ఫోను చేసింది:
సంవత్సరికానికి సమాధి మీద రాయి నిలబెడుతున్నాం,
గుంటని తీసుకురా వదినా.

"పన్నెండు రోజులు పిల్లతో పోయి రావచ్చా బాబూ?"
"ఎవరు వద్దన్నారు?"
"అయితే రాసివ్వండి."
"ఏమని?"
"వెళ్లొచ్చని."
"అలా ఎవరు రాస్తారమ్మా!"

దరఖాస్తులో ఒక గడి ఉంది,
ఎడతెగక ఇక్కడే నివాసం, అని.
టిక్కు పెట్టాను.
పన్నెండు రోజులకి తెగుతుందా, తెగదా,
కిందివాళ్లు పైవాళ్లనడగమన్నారు.
పైవాళ్లు భువనేశ్వర్‌లో ఉన్నారు.
వాళ్ల పైన ఢిల్లీ ఉంది.

సాయంత్రం కూరగాయలకి పాతపట్నం నడుస్తాం.
గొడుగులు పట్టుకున్న అక్షరాలు అయిపోయి
తలకట్టు అక్షరాలు మొదలవుతాయి బోర్డుల మీద.
అంతే సరిహద్దు.
వంకాయలు బేరమాడుతుంటే కొంగు లాగింది:
"అమ్మా, బయటికి ఎలిపోనామా?"
"ఎలిపోనాం."
"మళ్లీ రానిస్తారా?"
బేరం మరిచిపోయి
అడిగినంతా ఇచ్చేశాను.

ఆ వారమే ముందు పన్ను ఊడింది.
ఫైల్లో ఉన్న ఫొటోలో దానికి పళ్లన్నీ ఉన్నాయి,
జడలు రెండు, కుడి చెంప మీద దోమకాటు.
జవాబు వచ్చేసరికి కొత్త పన్ను మొలుస్తుంది కాబోలు,
అప్పుడు ఆ పిల్ల ఈ పిల్లేనని ఎవర్ని సాక్ష్యం తేను?
మా అన్న కామేశు ఇంటి మీద విసరమన్నాడు పన్నుని.
ఇది వినలేదు.
"నాన్న రాయి కింద పెట్టు" అంది.

అంటే దానికి తెలిసిపోయింది
నేనొక్కదాన్నే పోతున్నానని.
ఎలా తెలిసిందో అడగలేదు.
మహారణా వీధిలో కొన్న కొమ్ము భరిణెలో
దూది పరిచి పెట్టాను.

ప్రయాణం రేపనగా మళ్లీ మెట్లెక్కాం.
బడి నుంచే తీసుకొచ్చాను, యూనిఫారంతోనే ఉంది.
ఫ్యాను కింద కాగితాల మీద రాళ్లు.
గులకరాళ్లు, మహేంద్రతనయలోవే అయ్యుంటాయి.

"ఫైల్ చాలిఛి."

నేను వెనక్కి తిరిగాను.
ఇది తిరగలేదు.
బడిలో నేర్చుకున్న ఒడియాలో,
పన్ను లేని సందులోంచి గాలి పోతుంటే,
అడిగింది:
"కేఉఁఠికి?"

ఎక్కడికి.

పదకొండు నెలల్లో మొదటిసారి
పాణిగ్రాహి బాబు తల ఎత్తాడు.
కళ్లజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు.
దాని నోటివైపు చాలాసేపు చూసి
బీరువా వైపు చూశాడు,
తాళంచెవి ఎక్కడ పెట్టాడో
గుర్తుకు రానివాడిలా.