ఆరో కాలమ్

మార్చి నెల. ర్యాంకింగ్ ఫారం పంపడానికి ఇంకా తొమ్మిది రోజులు.
ప్లేస్‌మెంట్ సెల్‌లో ఫ్యాను తిరిగితే కాగితాలు ఎగురుతాయి,
ఆపితే నేను ఉడికిపోతాను.
మెకానికల్, రెండువేల పదిహేడు బ్యాచ్, అరవై ఒక్క పేర్లు.
మొదటి అయిదు కాలమ్‌లూ ఎప్పుడో నిండాయి.
ఆరోది, ఏడాది జీతం.
దాని కోసమే ఈ ఫోన్లు.

"పల్ప్ ఫ్యాక్టరీలో ఉండా మేడమ్, చిత్తూరు దగ్గర.
తోతాపురి దిగే రెండు నెల్లూ బాయిలర్ పక్కనే పడక.
ఆ రెండు నెల్ల జీతం చెప్పేదా,
మిగతా పది నెల్లదా?"
హేమాద్రి నవ్వుతున్నాడు.
నేను పన్నెండుతో హెచ్చవేసి
మళ్ళీ కొట్టేశాను.

శ్రీసిటీ నుంచి జ్ఞానప్రసూన:
"తెల్లారి నాలుగున్నరకే రేణిగుంటలో బస్సెక్కాల.
గంటకు నూటఇరవై మూతలు చేత్తో తడిమి చూడాల.
పదిహేడున్నర వేలు.
బస్సుకీ క్యాంటీనుకీ పోగా రాసుకుంటారా, పోకముందుదా?"
ఫారంలో పోకముందుదే అడిగారు.
ఫారాలన్నీ పోకముందే ఉంటాయి.

లోకనాథం రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి
"ఘాట్‌లో ఉండా, మలుపు దాటినాక చేస్తా" అన్నాడు.
చేశాడు కూడా.
కారు తనదే, కంతులు ఇంకా పద్దెనిమిది.
నెలకు నలభై వేలు, ఎండాకాలం సెలవుల్లో అరవై.
థర్మోడైనమిక్స్ రెండుసార్లు తప్పినవాడు
ఏ మలుపులో ఏ గేరుకి బ్రేకు కాలదో
వాసన పట్టి చెప్తాడు.
"డ్రైవరని రాయొద్దు మేడమ్" అన్నాడు.
కాసేపాగి, "సరే, రాసుకోండి లెండి."

బైరాగిపట్టెడలో ఒక గది. ఆరేళ్ళుగా అదే గది.
గోడ మీద నదుల పేర్లు, ఒప్పందాల తేదీలు,
వాయిదా పడిన పరీక్షల తేదీలు.
రెడ్డిశేఖర్ గొంతు తగ్గించాడు:
"సున్నా వేయొద్దు మేడమ్, గీత పెట్టండి.
సున్నా అంటే అయిపోయినట్టుంటాది."
గీత పెట్టాను.

గుణశేఖర్, బెంగుళూరు. ముప్పై నాలుగు లక్షలు.
డైరెక్టర్ గారు కుర్చీలోంచి సగం లేచారు.
"ఇదమ్మా కావాల్సింది! గీతలు తీసెయ్,
ఫోనెత్తనివాళ్ళను వదిలెయ్, సగటు కట్టు."
పద్నాలుగు మంది మిగిలారు. కూడి భాగించాను.
చిటికెన వేలితో కొండనెత్తినట్టు
ఒక్క గుణశేఖర్
అందరినీ అయిదు లక్షల కిందికి తెచ్చి నిలబెట్టాడు.
తడుస్తున్నవాళ్ళ కోసం ఫారంలో కాలమ్ లేదు.

సాయంత్రం ఆఖరి నంబరు. చెంగల్రాయుడు, పాకాల.
అంతా విని,
"జీతం చెప్తాలే అక్కా, ముందు నా ఒరిజినల్స్ సంగతి చెప్పు" అన్నాడు.
"ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని మీ బీరువాలోనే పెట్టుకున్నారే.
పోయిన చోటల్లా జిరాక్స్ చూపిస్తా ఉండా.
జిరాక్స్‌కిచ్చే జీతమే ఇస్తా ఉండారు."
ఏమనాలో తోచక, లైన్లో ఉండు అన్నాను.

బీరువా తాళం పాత టిఫిన్ డబ్బాలో ఉంటుంది.
మూడో అర. రబ్బరు బ్యాండు కరిగి కవరుకి అతుక్కుపోయింది.
గోటితో గీరితే పేరు కనబడింది.
లోపల, ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్.
దాని కింద ఇంకో కవరు:
ఎలక్ట్రానిక్స్, రెండువేల పదకొండు.
దాన్ని కదపలేదు.
అది ఎక్కడుందో నాకెప్పుడూ తెలుసు.

బల్ల మీద ఫోను వెలుగుతూనే ఉంది,
నాలుగు నిమిషాల ఎనిమిది సెకన్లు.
అవతల ఏదో గ్రైండింగ్ మిషన్ ఆగింది.
"ఉండావా అక్కా?"

"ఉండా" అన్నాను.
"రేపు పదింటి లోపల రా నాయనా.
డైరెక్టర్ గారు పదకొండుకి గానీ రారు."