తూకం పుస్తకంలో గీత

పలాస ఇండస్ట్రియల్ ఏరియాలో
మా జీడి బట్టీ పొగగొట్టానికి ఇవాళ్టికి పదకొండో రోజు సెలవు.
కాకి ఒకటి దాని అంచున కూచుని లోపలికి తొంగి చూస్తోంది.
నేను తూకం గుమస్తాని.
గుండు ఇంత, బద్ద ఇంత, ముక్క ఇంత అని
ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్ల పగళ్లని కిలోల్లో రాసినవాణ్ణి.
రాయడానికేం లేక
ఫోన్లో సముద్రం చూస్తున్నాను.

పటం మీద ఓడలన్నీ పసుపు బాణాలు.
చీమల బారుకి అడ్డంగా ఎవరో వేలితో గీసినట్టు
ఒకచోట తెగి, చెదిరిపోయాయి.
ఆ చోటు ఇరుకంట. గొంతంత ఇరుకు.
ఒకడు ఈ ఒడ్డున రేవు రాయించుకున్నాడు, తొంభై తొమ్మిదేళ్లకి.
రెండోవాడు ఎదురొడ్డున విమానాలు దించాడు.
మూడోవాడు ఇద్దరికీ నూనె అమ్ముతూ
శాంతి గురించి మాట్లాడుతున్నాడు.
సముద్రం అందరిదీ అని ముగ్గురూ అంటారు.
ఆ అందరూ ఎవరన్న దగ్గరే పేచీ.

గేటు దగ్గరికి డిల్లమ్మ వచ్చింది, తామాడ డిల్లమ్మ,
టెక్కలిపట్నం నుంచి షేర్ ఆటోలో.
పేరులో తప్ప ఢిల్లీతో ఆమెకి ఏ చుట్టరికమూ లేదు.
"బాబూ, పిక్కలొచ్చినాయేటి?"
రాలేదన్నాను.
"ఏటైనాది మరి? ఓడ ములిగిపోనాదా?"

మునగలేదు. ఎలా చెప్పను,
మన పిక్కల ఓడ అసలా ఇరుకులోంచి రానే రాదని.
ఆఫ్రికా పడమటి రేవులో సరుకెత్తుకుని
దక్షిణం కొమ్ము చుట్టి ఎప్పట్లాగే తన దారిన వస్తుందని.
ఇరుకున పోవాల్సినవన్నీ ఇప్పుడీ దారికే మళ్లితే
పెట్టె దొరకదు. పెట్టె దొరికితే అద్దె మూడింతలు.
అద్దె కడతానంటే బీమావాడు పెదవి విరుస్తాడు.
షావుకారు ఫోన్ పెట్టేస్తాడు.
బట్టీ ఆరిపోతుంది.

ఓపిగ్గా అంతా విని,
"అంటే ఆలు కొట్టుకున్న వీధిలోకి మనం ఎల్లనేదు,
దెబ్బ మాత్రం మనకే తగిలినాది.
మా కుళాయి కాడా అంతే బాబూ" అంది.
నేను పావుగంట చెప్పినది
ఆమెకి బిందెల వరసలో ఎప్పుడో తెలుసు.

తిత్లీ గాలికి ఉద్దానం తోటలు బోర్లా పడ్డాక
పరాయి పిక్క కోసం మరీ మొహం వాచాం.
ఆ మాటకొస్తే జీడిమామిడి మాత్రం మనదా?
ఏనాడో తెరచాపల వాళ్లు
సముద్రం నాదంటే నాదని ఫిరంగులు పేల్చుకుంటూ
దార్లో జారవిడిచిన గింజ.
వాళ్ల జెండాలు పోయాయి. చెట్టు మటుకు
ఇసకలో వేరు దించి ఇక్కడే ఉండిపోయింది,
ఎవరి పక్షమూ కాకుండా, కాపు కాస్తూ.

డిల్లమ్మ వేళ్లు నల్లన.
జీడిసొన తిని తిని కొసలు నున్నన.
రేషన్ మిషను ఆమె బొటనవేలిని గుర్తుపట్టదు,
నాలుగుసార్లు నొక్కించుకుని, ఎవరో నాకు తెలీదంటుంది.
నీటి మీద ముద్ర వెయ్యాలని
అక్కడ యుద్ధనౌకలు తిరుగుతుంటే
ఇక్కడ ముద్ర లేని వేలితో ఆమె
కొంగు ముడి విప్పి
ఆటోకి ఇరవై లెక్క పెట్టుకుంటోంది.

వెళ్లబోతూ ఆగి అడిగింది:
"ఆలు రాజీకి కూకున్నప్పుడు
బల్లమీద మన పప్పు ఎడతారేటి?"

పెడతారు. టీవీలో చూశాను, తెల్ల గిన్నెలో.
మాటల మధ్య ఒకాయన, అటు చూడకుండానే చెయ్యి చాపి
ఒకటి నోట్లో వేసుకున్నాడు.
ఎక్కడా విరగని గుండు.

"తెలీదమ్మా" అన్నాను.

అక్కుపల్లి వైపు నుంచి ఉప్పుగాలి కొడుతోంది.
కాటా పళ్లెం ఖాళీగా ఊగుతోంది.
ఆమె పేరుకెదురుగా సున్నా రాయబోయి ఆగాను.
సున్నా అంటే మనిషి వచ్చి కూడా ఒలవలేదని.
గీత అంటే ఒలవడానికేం లేదని.
ఇన్నేళ్లలో ఈ రెంటికీ తేడా అడిగినవాళ్లు లేరు.

గీత గీశాను.
కింద ఇంకా నలభై ఆరు పేర్లున్నాయి.