ఆయన

ఈ ఆదివారం సాక్ష్యం నువ్వే చెప్పాల రూతమ్మా, అన్నాడు పాస్టరయ్య.
బుధవారం నుంచే నాకు అన్నం సయించలేదు.

సాక్ష్యమంటే సలోమక్కది.
ప్రొద్దుటూరు దారిలో ఆటో బోల్తాపడి
అందరికీ కాళ్ళో చేతులో విరిగితే
ఆమెకు మాత్రం చెప్పు తెగింది.
ఆ చెప్పును గుడ్డలో చుట్టి దాచింది,
అడిగితే చూపిస్తాది.
సాక్ష్యమంటే దేవదానం తాతది.
వేలూరులో మూడు నెలలే అన్నారు.
పదకొండేండ్లయింది,
మూడు పూటలా సంగటి తింటాన్నాడు.

నాకేముంది?
నేను చావబోయి బతకలేదు.
పొద్దున్నే లేచినా. ట్యాంకరొచ్చింది.
ఐదు బిందెలు మాకు పట్టినా, ఆరోది ఖాసింబీకి.
ఆమె మోకాళ్ళు నేనేం బాగుచేయలేదు,
బిందె మోసినా, అంతే.

మాది యర్రగుంట్ల పక్కన.
ఇక్కడ భూమిని చాపలు లేపినట్టు
పొర పొర లేపి అమ్ముతారు.
గోడ నాపరాయి, నేల నాపరాయి,
మా మామ సమాధి మీదా నాపరాయే,
దాని మీద పేరు తప్పు చెక్కినారు,
ఇంగా మార్పించలేదు.

ఆయన పనిచేసేది పాలిష్ మిషన్ కాడ.
ఇంటికొస్తే కనురెప్పల మీద, మెడ మడతల్లో
తెల్లటి రాతిపిండి.
నవ్వితేగాని చిన్నది నాయన్ను గుర్తుపట్టదు.
తొట్టి కాడ కూచోబెట్టి నీళ్ళు పోస్తా.
మొదటి చెంబుకు పాలు కారతాయి.
రెండోదానికి సున్నపు తేట.
మూడోదానికి నేను పెండ్లాడిన మనిషి
బయటికొస్తాడు.
పదారేండ్లుగా, దినామూ.
దీన్ని ఎవరన్నా మైకులో చెప్తారా?

ఆయనింకా రాలేదే, అంటా నేను.
ఆయనున్నాడులే, అంటాది అత్త.
చిన్నది మధ్యలో దూరి
యా ఆయన జేజీ, అంటాది.
చెనిక్కాయలు ఒలుస్తా
ఇద్దరమూ జవాబు చెప్పం.

శుక్రవారం రాత్రి కరెంటు పోయింది.

ఊరి చుట్టూ రాయి కోసే రంపాలు,
రాత్రనక పగలనక.
మాకది గోల కాదు, గాలి మాదిరి.
చిన్నదాన్ని ఆ పాట మీదే నిద్రపుచ్చినా.
అది తటాలున తెగిపోయింది.

అప్పుడు వినపడింది
అత్త ఊపిరి, దాని చివర సన్న ఈల.
గంప కింద కోడి రెక్క సర్దుకోవడం.
ఎసట్లో ఒక్క బుడగ.
ఖాసింబీ ఇంట్లో ఎవరో నవ్వి, ఆపుకోవడం.
అన్నిటికీ అడుగున
ఇంకోటి.
శబ్దం కాదది.
పక్కన ఎవరన్నా వచ్చి కూచుంటే
చూడకనే ఆ పక్క భుజానికి తెలుస్తాది చూడు,
అట్ల.
నేను తల తిప్పలేదు.
అడగాల్సినవి చానా ఉన్నాయి,
చిన్నదాని ఫీజు, ఆయన దగ్గు,
రాతికింద పేరు తప్పుతో పండుకున్న మామ.
ఏదీ నోటికి రాలేదు.
తెడ్డు చేతిలో పట్టుకోని
పొయ్యి ముందర బండ మీద
జరిగి, రొంత చోటిచ్చినా.

పావుగంట.
మళ్ళీ రంపాలు.

ఆదివారం మైకు చేతికిచ్చినారు. కీచుమంది.
అందరికీ ప్రభువు పేరిట వందనాలు, అన్నా.
శుక్రవారం కరెంటు పోయింది, అన్నా.
చాపల మీద అందరూ ఎదురుచూసినారు.
మళ్ళీ వచ్చింది, అన్నా.
ఎవడో పిల్లోడు కిసుక్కుమన్నాడు.
కూచున్నా.
పాస్టరయ్య సకిలించి స్తోత్రం అంటే
అందరూ స్తోత్రం అన్నారు, రొంత ఆలస్యంగా.
మగోళ్ళ వరుసలో ఆయన
చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటాన్నాడు.
ఎంత కడిగినా ఇంగా పిండే.

ఇయ్యాల సోమవారం.
రంపాలు ఆగలేదు.
తొట్టి కాడ పీట కడిగి పెట్టినా.
నీళ్ళు కాగినాయి.
ఆయనొచ్చే యాళైంది.