పద్దు

పచ్చగానే వెలుగుతోంది చుక్క.
పక్కన "లైవ్" అని రాసుంది.
ఎనిమిది నెలల రాత్రుళ్ళు,
హసావీలో ఈ సెల్ రిపేరు కొట్టు షట్టర్ సగానికి దించి
పగిలిన గ్లాసుల మధ్య కూర్చుని రాసిన యాప్
నిన్నటి నుంచి లోకంలో ఉందట.

వెతికితే లేదు.

పద్దు అని కొట్టాను.
"ముద్దు అనా మీ ఉద్దేశం?" అంది స్టోర్.
ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను.
వరి పొలం ఆట ఒకటి,
పండు అనే మాట్లాడే చిలక,
అప్పులిచ్చే యాప్‌లు పదకొండు.
కూలి గంటలు రాసుకునేది మాత్రం
వేలు అరిగేలా కిందికి లాగినా తగల్లేదు.

లింకు పంపితే తెరుచుకుంటుంది, అదీ వింత.
ఇంటి నంబరు తెలిసినోడికి తలుపు తీస్తుంది,
వీధిలో నిలబడి పేరు పెట్టి పిలిస్తే
పలకదు.

కుళ్ళాయప్ప సిమెంటు చేతుల్తో టీ పట్టుకుని నవ్వాడు:
"అయితే ఖల్లివల్లి అయిందబ్బా నీ యాప్.
మనిషి ఉంటాడు, తింటాడు, పని చేస్తాడు,
అకామా చూపీమంటే మాత్రం ల్యాడు.
నేనట్లా నాలుగేండ్లు ఉన్న్యా."

నాకు నవ్వు రాలేదు.
రెండ్రోజులు ఆగమన్నారు తెలిసినవాళ్ళు, ఆగాను.
కాష్ తుడిచాను. అకౌంటు మార్చి చూశాను.
పేరుకి తోక కట్టాను: పద్దు, ఓటీ గంటల లెక్క.
ఐదో రాత్రి, ఏయే దేశాల్లో కనబడాలని అడిగే పేజీ తెరిస్తే
ఇండియాకి ఒక్కదానికే టిక్కు.
పెట్టింది నేనే.
కువైట్ గడి ఖాళీ.
పదకొండేళ్ళుగా ఈ ఊరి ఇసక
చెప్పుల్లోంచి దులుపుకుంటున్నవాణ్ణి,
నేను నిలబడ్డ చోటు నా లెక్కలోనే లేదు.

టిక్కు పెట్టాను.
ఎల్లుండి మధ్యాహ్నానికి కుళ్ళాయప్ప ఫోన్లో
ముప్పై ఒకటో వరసలో, చిలక కింద,
కనబడింది.

మస్తానమ్మ ఫోన్లో కనబడలేదు.

ఇదంతా రాసింది ఆమె కోసం.
సాల్మియాలో వంటపని.
బియ్యం డబ్బా మూత లోపలి వైపు
కాటుక పెన్సిల్‌తో గంటకో గీత,
ఫజర్ అజాన్ నుంచి ఆఖరి ప్లేటు కడిగేదాకా.
రంజాన్ ముందర ఎవరో ఆ డబ్బా తోమేశారు.
మూడు నెలల గీతలు మోరీలో పోయాయి.

శుక్రవారం రెండు గంటల సెలవు మీద వచ్చింది.
ఫోన్ మేడం కొడుకు వాడి పారేసినది.
కౌంటర్ మీద పెట్టి సెట్టింగుల్లోకి దిగాను,
ఒక గదిలోంచి ఇంకో గదిలోకి.
అడుగున దొరికింది.
అకౌంటు పిల్లాడిది. వయసు ఏడు.

స్టోర్ దృష్టిలో మస్తానమ్మకి ఏడేళ్ళు.
రాత్రి మెట్లెక్కితే నొప్పెట్టే మోకాళ్ళకి
ఏడేళ్ళు.
అందుకే ఏనుగుకి రంగు పూయమంటుంది,
ఒకటీ రెండూ నేర్పుతానంటుంది,
జీతం మాట మాత్రం ఎత్తదు.
తాళం మేడం దగ్గర.

"అడిగితే ఈ ఫోనూ పెరుక్కుంటాది నాయనా."
అబాయా జేబులో వేసుకుని బస్సెక్కింది.

డౌన్‌లోడ్లు మూడు. రెండు నావే.
ఆ రెండో దాంట్లో ఆమె పేరున పద్దు తెరిచాను.
వయసు అడిగిన చోట
నలభై ఆరు అని నిదానంగా కొట్టాను.

వాట్సాప్ ఉంది, మేడమే వేసిచ్చింది,
మేడ మీద నుంచి పిలవడానికి.
అందులోనే రాత్రి పదకొండున్నరకి గొంతు వస్తుంది.
బాత్రూం కుళాయి తిప్పి ఉంచినట్టుంది,
నీళ్ళ చప్పుడులోంచి ఏరుకోవాలి:

"పదహారు రాసుకో.
నడుమ అరగంట కూచున్యా,
అది తీసెయ్."

పదిహేనున్నర.