కొక్కెం

కళింగపట్నం లైట్‌హవుసు కాడ
టికెట్టు పది రూపాయలు.
మా ఆయన మూడు కొని
సిల్లర లెక్కెట్టుకోకుండా
టికెట్ల కేసే సూస్తన్నాడు.
"ఏటి, సిరిగిపోయినవి ఇచ్చినాడా?" అన్నాను.
"కాదే తవిటీ, సవకవి" అన్నాడు.

సింగపూర్లో ముప్పై డాలర్లంట.
రెండ్రోజుల కూలి.
అరవై ఒకటో అంతస్తు, సుట్టూ అద్దాలు,
ఊరంతా కాళ్ళ కింద పరిసి సూపిస్తారంట.
ఆ అద్దాలు బిగించింది ఈయనే.
నడుముకి బెల్టు, బెల్టుకి కొక్కెం, కొక్కేనికి తాడు,
తాడు సివర దేవుడో, సూపర్‌వైజరో.
పద్నాలుగు నెలలు బయట్నించి లోపలికి సూసినోడు
ఒక్కసారి లోపల్నించి బయటికి సూడాలని
ఒచ్చేసే ముందు రోజు టికెట్టు కొన్నాడు.

ఫోన్లో సెప్పనేదు నాకు.
ఇంటికొచ్చిన నాలుగో నాడు
నాను పప్పు బద్దలు ఏరతంటే సెప్పినాడు,
తప్పు సేసినోడిలా.
ముప్పై డాలర్లంటే
నాకు వారం రోజుల పప్పు వలుపు.
మనసులో లెక్క కట్టినాను గానీ
పైకి అననేదు.

తెల్ల సొక్కా తొడుక్కుని ఎల్లినాడంట.
లిఫ్టులో సెవులు దిబ్బళ్ళు పడిపోయినాయంట.
పైన సీనా వోళ్ళు, జపాను వోళ్ళు,
ఐస్‌క్రీం కార్చుకుంటన్న పిల్లలు,
అందరూ సముద్రం సూస్తంటే
ఈయన ఒక మూలకెల్లి గొంతుక్కూర్చున్నాడు.
అద్దానికి అవతల, జిగురు పూసిన అంచున,
తన బొటనేలు నొక్కిన గుర్తు.
గట్టిపడిపోయి, అలగే ఉన్నాదంట.
ఇవతల్నించి దాని మీద ఏలు ఆనించబోతే
నీలం కోటు కుర్రోడు పరుగున ఒచ్చి
అద్దం ముట్టుకోకూడదు సార్ అన్నాడంట.
"సార్ అన్నాడే" అంటాడు మా ఆయన.
ఎప్పుడు సెప్పినా అక్కడే ఆగిపోతాడు.

నా బొటనేలు సంగతి ఊరందరికీ తెలుసు.
పలాసలో పదకొండేళ్ళు జీడిపిక్కలు కొట్టి
గీతలన్నీ జీడికి ఇచ్చీసినాను.
రేషను మిషను మీద ఎన్నిసార్లు నొక్కినా
ఎర్ర దీపమే.
"ఓలమ్మా, నువ్వున్నావో నేవో దీనికి తెల్దట"
అని నవ్వుతాడు డీలరు.
ఈయన ఏలుముద్రేమో
పరాయి దేశంలో, మబ్బుల్లో,
వానకి తడిసినా సెరగకుండా ఉన్నాది.
కుళ్ళు పుట్టింది నాకు. నిజం సెప్తన్నాను.

మెట్లు ఎక్కుతంటే మా గుంట లెక్కెట్టింది,
డెబ్బై దాటేక తప్పిపోయింది.
పైన గాలి.
ఓలమ్మో, ఏటి గాలి!
వంశధార బురద రంగులో ఒచ్చి
సముద్రం కాడ కాసేపు తటపటాయించి
ఇసక మేటని సుట్టుకుని లోపలికెల్లిపోతంది.
సరుగుడు తోటలు, ఆరేసిన వలలు,
బోర్లించిన తెప్ప మీద ఎవుడో నిద్దరోతన్నాడు,
మేం ఒచ్చిన బస్సు అగ్గిపెట్టంత.

నానే సూస్తన్నాను. ఈయన సూడ్డం నేదు.
గోడకి ఈపు ఆనించీసి
ఎడం సేత్తో నడుము కాడ ఏదో ఎతుకుతన్నాడు.
సెల్లు పోయిందేమో అనుకున్నాను.
మొకం సున్నం.
అరవై ఒక్క అంతస్తుల మీద వేలాడినోడు
ఇనప కమ్మీలున్న ఇంత గట్టు మీద
వొణుకుతన్నాడు.
"కొక్కెం నేదే" అన్నాడు సిన్నగా.

నవ్వొచ్చింది. నవ్వనేదు.
ఆయన ప్యాంటుకి బెల్టు దూర్చే లూపులో
నా సూపుడేలు పెట్టి మడిసినాను.
నల్లటి ఏలు. గీతల్లేని ఏలు.
"బరువు కాస్తాదా?" అన్నాడు.
"నీ సూపర్‌వైజర్నడుగు" అన్నాను.

అప్పుడేసినాడు ఒక అడుగు.
కమ్మీ పట్టుకుని, సెయ్యి ఎదటికి సాపి,
"అటే" అన్నాడు.
అటు నీళ్ళే ఉన్నాయి.
నీళ్ళ మీద ఎండ, పప్పు మీద పొట్టులాగ.
"నాన్నా, అక్కడ్నించి మేం కనబడినామా?"
అడిగింది గుంట.
ఈయన సేనాసేపు ఆలోసించినాడు.
"ఆ రోజు మబ్బేసింది" అన్నాడు.

టైమయిపోయింది దిగండని కింద్నించి కేక.
నాను ఏలు తియ్యనేదు.
తిరుగుడు మెట్ల మీద
ఇద్దరు పక్కపక్కన పట్టరు కదా,
పీతల్లాగ దిగినాం.