బయట పిక్క

నే చూసిన ఏ పండూ
గింజనిలా బయటికి వేలాడదియ్యదు.
జీడిమామిడొక్కతే
కడుపులో చోటు చాలక కాబోలు
బిడ్డను ఆరుబయటే కంటుంది.

మా ఉద్దానంలో మేమూ అంతే.
పిక్కలేరే రోజుల్లో
సగం నిండిన గోనె పక్కన పెట్టి
నన్ను తోటలోనే కన్నది మా అమ్మ దాలెమ్మ.
మిగతా సగం ఆ సాయంత్రమే ఎవరు నింపారో
అడిగితే మాత్రం మాట మారుస్తుంది.

ఇప్పుడు నేను కాశీబుగ్గలో, కటింగు మిషను ముందు.
కాలితో తొక్కడం, చేత్తో నొక్కడం,
పిక్క రెండు చెక్కలయ్యే చప్పుడు.
పప్పు గుండుగా వస్తే షావుకారుది,
బద్దయితే నా తప్పు.
చెక్కలోంచి ఊరే జీడి మాత్రం
ఎవరూ వాటాకి రాని నా సొంత ఆస్తి.

మా మీద కోపంతో పెట్టుకున్నది కాదది.
పురుగు రాకుండా, ఉడత కొరక్కుండా
పిల్ల చుట్టూ చెట్టు పోసుకున్న కాపలా.
ఒక తల్లి కట్టిన కాపలాని
ఇంకో తల్లి చేత పగలగొట్టించి
కిలోకింతని కూలిస్తారు.

ఆముదం రాసినా, బూడిద రుద్దినా
ముందు చర్మం పోయింది, తర్వాత గీతలు పోయాయి.
రేషను డిపోలో
"వేలు పెట్టమ్మా... పడలేదు.
ఇంకో వేలు."
పది వేళ్ళూ అయ్యాక
వెనకాల లైను విసుక్కుంటుంటే
నేను నేను కాదని తేల్చింది డబ్బా.

ఇంటికెళ్తే
ఏడాదిన్నర మోక్షిత
నిద్రలోనే నా అరచెయ్యి వాసన చూసి
పాలకి నోరు తెరుస్తుంది.
దానికి గీతలక్కర్లేదు.

మంగళవారం, శుక్రవారం
అమ్మకి నెత్తురు కడిగే రోజులు.
ఆటోలో నలుగురాడవాళ్ళు, ఒకే తోట వాళ్ళు,
నలుగురికీ చెయ్యి మీద అదే ఉబ్బిన నరం.
"నుయ్యి నీళ్ళు తియ్యగానే ఉండీవి,
ఏటి తాగీసేమో ఎవులకి తెల్సు."
ఏడాదికోసారి కారులో వస్తారు
మా నీళ్ళు కొన్ని సీసాల్లో, మా నెత్తురు కొన్ని సీసాల్లో
ఒకే ఐసు పెట్టెలో సర్దుకుని వెళ్తారు.
జవాబు మాత్రం
ఏ సీసాకీ తిరిగి రాలేదు.

మార్చి నెలలో మీటింగు పెట్టి
ఒకాయన చాలాసేపు మాట్లాడాడు.
నేల తల్లి, ఆడది నేల, ఓర్పు ఇద్దరికీ ఆభరణం.
చప్పట్ల మధ్య అమ్మ నా చెవిలో:
"అడక్కుండా తీసుకుపోడానికి
ఆళ్ళెట్టుకున్న పేరే ఓర్పు.
పద, బస్సు ఎల్లిపోద్ది."

పెద్ద తుఫానుకి మా జీడిచెట్టు పక్కకి ఒరిగిపోయింది.
కలప బేరగాడు గొడ్డలితో వచ్చాడు, నాన్న ధర కూడా ఒప్పుకున్నాడు.
అమ్మ పోట్లాడలేదు, చెట్టుని కావిలించుకోనూ లేదు.
మొదట్లో మట్టి గీకి చూపించింది,
సగం వేళ్ళు ఇంకా లోపలే.
"ఇది పడుకుంది, సచ్చిపోనేదు.
నానూ మంచం మీదే ఉంటన్నాను మరి,
నాకేటి ధర కట్టేవు?"
నాన్న అడ్వాన్సు తిరిగిచ్చేశాడు.

పడుకునే కాసింది ఈ వేసవి.
పళ్ళు పిల్లల చేతికందే ఎత్తులో.
అమ్మకి తినకూడదు, డాక్టరు రాసిచ్చిన కాగితంలో పళ్ళన్నీ కొట్టేసి ఉన్నాయి.
ఎర్రటిదొకటి తెంపి
ముక్కు దగ్గర చాలాసేపు ఉంచుకుని
పిక్క మెలిపెట్టి విడదీసి
పండు దాని చేతిలో పెట్టింది.
కొరికిన చోటల్లా రసం
కొత్త గౌను మీద కారింది.
జీడిపండు మరక, ఇక పోదు.

నేను నీళ్ళకి లేచాను.
"ఉండనీయే, ఉతక్కు" అంది అమ్మ.
"మోచ్చితకైనా
ఒక ముద్ర పడనీ."