నీళ్లు నమిలే శాఖ

వెల్లింగ్టన్ గాలికి గొడుగులు బతకవు.
రోజూ పొద్దున మా ఆఫీసు మెట్ల పక్క చెత్తడబ్బాలో
రెండో మూడో
ఊచలు విరిగి కాళ్లు పైకెత్తి పడుంటాయి.
మూడో అంతస్తులో నా పని
జనం ఉత్తరాలకు జవాబు రాయడం.
రాయడమంటే, అతికించడం.
పాలస్తీనా అని ఎవరు రాసినా
ఏడో నంబరు పేరా.

"మీ భావాలను ప్రభుత్వం గమనించింది.
పరిస్థితి పట్ల మేం ఆందోళన చెందుతున్నాం.
ఉభయ పక్షాలూ సంయమనం పాటించాలని..."
పాము చావదు, కర్ర విరగదు.
కర్ర ఎవరి చేతిలో ఉందో
పేరాలో ఉండదు.

తిమారు నుంచి, గొర్రెల బొచ్చు కత్తిరించే ముసలాయన
తన చిరునామా కంటే పొట్టి ఉత్తరం రాశాడు:
"నాకు రాజకీయాలు తెలీవు, కంచె తెలుసు.
వాళ్ల పొలాల్లో కంచె రోజూ లోపలికే జరుగుతోందట, నిజమేనా?"
ఏడో పేరా వెళ్లింది.
ఒక బడి నుంచి ముప్ఫై ఒక్క సంతకాలు వచ్చాయి,
ఒక సంతకం పక్కన పడవ బొమ్మ.
ఏడో పేరా వెళ్లింది,
ముప్ఫై ఒక్కమందికీ కలిపి ఒకటే.

మార్చిలో పైనుంచి మాట:
ఆందోళనకు ముందు 'తీవ్ర' చేర్చండి.
చేర్చాం.
జూన్‌లో మళ్లీ మాట: తీసేయండి.
తీశాం.
ఈలోపు అక్కడ ఏం చల్లారిందని
మా పైఅధికారి ట్రెవెట్‌ను అడిగితే
కిటికీలోంచి రేవు వైపు చూసి
"ఇవాళ ఫెర్రీ లేటు" అన్నాడు.

ఆగస్టులో ఆమె వచ్చింది.
రుఫైదా షక్షీర్. పెటోనీ నుంచి, బస్సులో.
పుట్టింది నాబ్లుస్‌లో,
ముప్ఫై ఏళ్లు ఇక్కడి పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది.
సంచీలోంచి ఫైలు తీసి కౌంటర్ మీద పరిచింది.
నేను పంపిన పదకొండు జవాబులు.
నా అతుకులన్నిటి మీదా
ఎర్ర పెన్సిలు.

నా గుండె ఆరో తరగతి చివరి బెంచీలోకి పరిగెత్తింది.

"ఇళ్లు కూలాయి అని రాశారు. వానకు కూలాయా?
ప్రాణాలు పోయాయి అన్నారు. ఎక్కడికి పోయాయి?
నీ వాక్యాల్లో కర్త ఎక్కడా లేడు నాయనా,
కర్మ మాత్రం మాకు వదిలావు."

పెన్సిలు మొన ఇంకో కాగితం మీదికి పాకింది.
"ఏప్రిల్‌లో 'వారికి హక్కులున్నాయి' అని చుక్క పెట్టారు.
మే నెలలో ఆ చుక్కకు తోక మొలిచింది.
కామా అయింది. దాని వెనకాలే
'తగిన సమయం వచ్చినప్పుడు' వచ్చి కూర్చుంది.
తోక ఎవరు మొలిపించారు?"

నేనే.
ఒక మంగళవారం, టీ చల్లారకముందే.
చెప్పలేదు. నీళ్లు నమిలాను.
ఈ మేడలో దాన్నే విదేశాంగ విధానం అంటాం.

"మా చెల్లెలి ఇంటి పైకప్పు మీద నల్ల ట్యాంకు ఉంది.
వేసవిలో పన్నెండు రోజులకోసారి నిండుతుంది, నిండితే.
నా మొదటి ఉత్తరంలో అడిగింది ఆ నీళ్ల గురించే.
పదకొండు జవాబుల్లో
నీళ్లు అనే మాట ఒక్కసారీ లేదు. వెతికాను."

నవ్వించబోయాను: "పదికి ఎన్ని వేశారు మేడమ్?"
"వేయలేదు.
అడిగిన ప్రశ్న వదిలేసి వేరేది రాసినవాడికి
నేను సున్నా కూడా వేయను,
పేపరు తిరిగిచ్చేస్తాను."

అప్పుడే దగ్గు వచ్చిందామెకు,
మాట మధ్యలో, పొడి దగ్గు.
కూలర్ దగ్గరికి పరిగెత్తి గ్లాసుతో తెచ్చాను.
తాగింది.
నమల్లేదు.

ఫైలు కౌంటర్ మీదే ఉంది.
కింద గాలిలో ఆమె స్కార్ఫు ఒక చేత్తో, బస్సు కార్డు ఒక చేత్తో పట్టుకుని
రోడ్డు దాటడం కిటికీలోంచి కనిపించింది.
ట్రెవెట్ ఇంటికెళ్లిపోయాడు.
స్క్రీను మీద ఏడో పేరా తెరిచి ఉంది,
తోక పక్కన కర్సరు
ఆరుతూ వెలుగుతూ.
గ్లాసు ఇంకా కడగలేదు.